లే ఆఫ్: కర్త, కర్మ, క్రియ

ఇంగ్లీషులో ఫ్రేజల్ వెర్బులంత తలనొప్పి వ్యవహారం ఇంకోటి లేదు. ఒక చిన్న క్రియ, దాని వెనక అప్, డౌన్, ఇన్, ఆఫ్ లాంటి ఒక తోక. విడివిడిగా చూస్తే రెండూ ఒకటో తరగతి మాటలే. కలిపితే మాత్రం ఎటు పోతాయో చెప్పలేం. 'పుట్' తెలుసు, 'ఆఫ్' తెలుసు, కానీ 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వెయ్యడం అని ఎవరో ఒకరు చెప్తే గానీ తెలీదు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళం రోజంతా వీటి మధ్యే బతుకుతాం. లాగిన్, సెటప్, బ్యాకప్, చెకౌట్, రోల్ బ్యాక్, ఫాలో అప్, సైన్ ఆఫ్... అన్నీ ఆ జాతివే. ఆ జాతిలోనే ఇంకోటుంది. దాని పేరు వింటే క్యాంటీన్‌లో కబుర్లు ఆగిపోతాయి. అదే లే ఆఫ్. తెలుగులో రాసుకుని చదివితే ఇంకా భయంకరంగా ఉంటుంది: "లే! ఆఫ్!" కుర్చీలోంచి లేవమంటున్నారు, ల్యాప్‌టాప్ ఆఫ్ చేసేస్తున్నారు :)

నవ్వులాటకేం గానీ, ఈ మాటని మనం సరిగ్గా వాడటం లేదని నా గట్టి అభిప్రాయం. వ్యాకరణం కోసం కొట్టుకునే రకాన్ని కాదు నేను. కానీ ఈ ఒక్క మాట విషయంలో వ్యాకరణం తప్పితే డబ్బు పోతుంది, మనిషి పరువు కూడా పోతుంది. ఎలాగో చెప్తాను. ముందు అర్థాల సంగతి చూద్దాం.

నిఘంటువు తీస్తే 'లే ఆఫ్'కి కనిపించే అర్థాలు కొన్ని:

1. పని లేకపోవడం వల్ల ఉద్యోగిని పనిలోంచి ఆపెయ్యడం. మనందరికీ తెలిసింది ఇదే.

2. ఒక అలవాటు మానెయ్యడం. డాక్టరు "లే ఆఫ్ షుగర్" అంటే పంచదార మానెయ్యమని.

3. జోలికి పోకుండా ఉండటం. "లే ఆఫ్!" అని ఎవరైనా విసుక్కుంటే, "నన్నొదిలెయ్" అని.

4. బేస్‌బాల్‌లో వచ్చిన బంతిని కొట్టకుండా వదిలెయ్యడం. మన క్రికెట్‌లో ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతిని వదిలేసినట్టు.

5. ఫుట్‌బాల్‌లో దగ్గర్లో ఉన్న తోటి ఆటగాడికి బంతిని మెల్లగా అందివ్వడం.

6. పందేలు కట్టించుకునేవాడు, తన మీద భారం ఎక్కువైందనుకుంటే అందులో కొంత ఇంకో బుకీ మీదకి నెట్టడం.

7. పెయింటర్లు రంగు వేశాక గీతలు కనపడకుండా చివర్లో కుంచెతో పైపైన ఒకసారి నిమరడం.

ఇన్ని అర్థాలున్నాయా అనిపిస్తుంది కానీ, అన్నిట్లోనూ ఒక పోలిక ఉంది. చేతిలో ఉన్నదాన్ని పక్కన పెట్టడం, చెయ్యి తీసెయ్యడం. 'లే' అంటే పెట్టడం, 'ఆఫ్' అంటే విడిగా, అవతలగా. అచ్చ తెలుగులో 'పక్కన పెట్టు'. ఈ 'పక్కన పెట్టు' గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

ఇప్పుడు వాడకంలో రెండు చిక్కులు.

మొదటిది మాటల వరస. "లే హిమ్ ఆఫ్" అంటే వాణ్ణి ఉద్యోగంలోంచి తీసెయ్యి. "లే ఆఫ్ హిమ్" అంటే వాడి జోలికి పోకు. ఒక్క సర్వనామం చోటు మారితే అర్థం తలకిందులు. ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లు తారుమారుగా పంపితే కంపైలర్ కొన్నిసార్లైనా అరుస్తుంది. ఈమెయిల్‌కి ఆ సదుపాయం లేదు. మేనేజరుగారు "ఆ కుర్రాణ్ణి విసిగించకండి" అని రాయబోయి వరస మార్చి రాశారనుకోండి, ఆ కుర్రాడి గతి ఏమిటో ఆలోచించండి.

రెండోది నామవాచకమా, క్రియా అన్న గొడవ. క్రియ అయితే రెండు మాటలు: లే ఆఫ్. నామవాచకం అయితే కలిపి ఒకే మాట: లేఆఫ్. లాగ్ ఇన్, లాగిన్ లాగే. ఇది స్పెల్లింగుతో పోయే విషయం అయితే నేను ఊరుకుందును. మనోళ్ళు నామవాచకాన్ని పట్టుకుని "ఐ గాట్ లేఆఫ్" అంటారు, లేదా "ఐ లెయిడ్ ఆఫ్ లాస్ట్ మంత్" అంటారు. రెండోదాన్ని ఇంగ్లీషువాడు విన్నాడంటే "ఓహో, ఎంతమందిని తీసేశావు?" అనుకుంటాడు. ఎందుకంటే లే అన్నది సకర్మక క్రియ. లే, లెయిడ్, లెయిడ్. పెట్టేవాడు ఒకడు, పెట్టబడేది ఇంకొకటి ఉండాలి. కంపెనీ లే ఆఫ్ చేస్తుంది. మనిషి లే ఆఫ్ చెయ్యబడతాడు. "ఐ వాజ్ లెయిడ్ ఆఫ్" అనాలి. ఆ 'వాజ్' తీసేస్తే బాధితుడు కాస్తా దోషి అయిపోతాడు.

చిన్నప్పుడు తెలుగు మేష్టారు చెప్పింది గుర్తు తెచ్చుకోండి: కర్త, కర్మ, క్రియ. ఈ వాక్యంలో కంపెనీ కర్త, ఉద్యోగి కర్మ. తెలుగులో ఈ 'కర్మ' అన్న మాటకున్న రెండో అర్థం మన కొంప ముంచుతోంది. ఉద్యోగం పోయినవాడు వాక్యంలో కర్మ అయిన పాపానికి, "అంతా నా కర్మ" అనుకుంటూ కూర్చుంటున్నాడు. చుట్టాలూ అదే అంటున్నారు.

మన వాడుక భాష కూడా దీనికి బాగా సాయపడుతుంది. మనం ఏమంటాం? "ఉద్యోగం పోయింది." దానంతటదే చెప్పులేసుకుని వెళ్ళిపోయినట్టు. "ఉద్యోగం ఊడింది." పన్నో, చొక్కా గుండీయో ఊడినట్టు. "లేఆఫ్ అయ్యాడు." పాస్ అయ్యాడు, ఫెయిల్ అయ్యాడు అన్నట్టు, అందులో వాడి చదువో తెలివో ఉన్నట్టు. ఈ మూడిట్లోనూ కర్త మాయం. పోనీ కర్త ఉన్న మాటలు చూద్దామా అంటే "పీకేశారు", "తీసేశారు", "ఇంటికి పంపేశారు". వీటిల్లో కర్త అయితే ఉన్నాడు గానీ, కలుపు మొక్కని పీకినట్టు, తీసెయ్యదగ్గ లోపమేదో వాడిలో ఉందన్న ధ్వని ఉంది. ఇంగ్లీషులో ఫైర్ వేరు, లే ఆఫ్ వేరు. పని బాగాలేకో, తప్పు చేసో వెళ్ళగొడితే ఫైర్. పని బాగానే చేస్తున్నా కంపెనీకి అక్కర్లేకపోతే లే ఆఫ్. మనకి రెండూ 'పీకెయ్యడమే'. ఆ ఒక్క తేడా పోవడం వల్లే ఊళ్ళో అమ్మానాన్నలకి ఫోన్ చేసి చెప్పడానికి ఇరవై ఏడేళ్ళ కుర్రాడికి నోరు రాదు. రోజూ ఎనిమిదింటికి బ్యాగు తగిలించుకుని బయల్దేరి, ఏ లైబ్రరీలోనో సాయంత్రం దాకా కూర్చుని వచ్చేవాళ్ళుంటారు.

పత్రికలవాళ్ళ మాట ఒకటుంది: ఉద్వాసన. నిజానికి ఇది పూజ మాట. పూజ మొదట్లో దేవుణ్ణి ఆవాహన చేస్తాం, అయిపోయాక ఉద్వాసన చెప్తాం. వినాయక చవితి చేసుకునే ప్రతి ఇంట్లో తెలిసిన తంతే. ఇందులో అవమానం ఏమీ లేదు. పైగా మళ్ళీ ఏడాది పిలుస్తామన్న నమ్మకం ఉంది. తమాషా ఏమిటంటే, ఇంగ్లీషు లే ఆఫ్‌లో కూడా మొదట్లో ఉన్నది ఆ నమ్మకమే.

ఉద్యోగం విషయంలో ఈ మాట 19వ శతాబ్దం రెండో సగంలో అమెరికాలో వాడకంలోకి వచ్చింది. అప్పుడు దాని అర్థం తాత్కాలికంగా ఆపడం. సీజన్ లేదు, ఆర్డర్లు లేవు, కొన్నాళ్ళు ఇంటిదగ్గరుండు, పనొచ్చాక పిలుస్తాం. అంటే 'పక్కన పెట్టడం'. పక్కన పెట్టినదాన్ని మళ్ళీ తీసుకోవచ్చు, పారేసినదాన్ని తీసుకోలేం. డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల్లో కొత్త మోడల్‌కి యంత్రాలు మార్చేటప్పుడు కార్మికుల్ని ఇలాగే లే ఆఫ్ చేసి, మళ్ళీ సీనియారిటీ ప్రకారం పిలిచేవారు. 1955లో కార్మిక సంఘం యూఏడబ్ల్యూ ఫోర్డ్ కంపెనీతో కుదుర్చుకున్న ఒప్పందంలో, అలా ఇంటిదగ్గరున్న రోజులకి కంపెనీ కొంత భృతి ఇచ్చే ఏర్పాటు కూడా చేయించుకుంది. తరవాత తరవాత ఆ 'మళ్ళీ పిలుస్తాం' అన్న భాగం చల్లగా జారిపోయింది. మాట మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంటర్‌ఫేస్ అదే, ఇంప్లిమెంటేషన్ మార్చేశారన్నమాట.

పాత అర్థం పూర్తిగా చచ్చిపోలేదు. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదట్లో, అమెరికాలో నిరుద్యోగుల సంఖ్య సుమారు 2 కోట్ల 31 లక్షలని ప్రభుత్వ లెక్క. అందులో సుమారు 1 కోటి 81 లక్షల మంది 'తాత్కాలిక లేఆఫ్' కింద ఉన్నవాళ్ళే. బ్రిటన్ చట్టంలో ఇప్పటికీ లే ఆఫ్ అంటే తాత్కాలికంగా పని ఇవ్వకపోవడమే. శాశ్వతంగా తీసేస్తే దాన్ని రిడండన్సీ అంటారు, మనిషిని "మేడ్ రిడండెంట్" అంటారు. మనకి రిడండెంట్ సర్వర్ అంటే ఒకటి పడిపోయినా ఆదుకునే రెండోది, డబ్బులిచ్చి మరీ పెట్టుకుంటాం. మనిషి రిడండెంట్ అయితే మాత్రం ఇంటికి. ఒకే మాట, యంత్రానికి గౌరవం, మనిషికి గెంటివేత!

మన దేశం సంగతి ఇంకా బావుంటుంది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో లే-ఆఫ్‌కి నిర్వచనం ఉంది. బొగ్గో, కరెంటో, ముడిసరుకో లేక, లేదా సరుకు పేరుకుపోయి, లేదా యంత్రం చెడిపోయి, యజమాని పని ఇవ్వలేకపోవడం. అయితే ఆ కార్మికుడి పేరు మస్టర్ రోల్‌లో ఉండాలి, అతన్ని తీసేసి ఉండకూడదు. అలాంటి రోజులకి అర్హత ఉన్నవాళ్ళకి బేసిక్, డీఏల్లో సగం చెల్లించాలి. 2012లో మన రాష్ట్రంలో పరిశ్రమలకి పవర్ హాలిడేలు పెట్టిన రోజులు గుర్తున్నవాళ్ళకి 'కరెంటు లేక పని లేకపోవడం' అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. నిర్వచనం మాత్రం దాదాపు అదే.

అంటే చూడండి, పేరు రోల్‌లో ఉంది, పని లేదు, జీతం కొంత వస్తోంది. ఇది మన భాషలో దేనికి దగ్గర? బెంచ్‌కి! చట్టం దృష్టిలో లే-ఆఫ్ అంటే సగం జీతం బెంచ్. మనం లేఆఫ్ అని ఏడుస్తున్నదానికి చట్టంలో ఉన్న పేరు వేరే, రిట్రెంచ్‌మెంట్.

ఈ రిట్రెంచ్‌మెంట్ నిర్వచనంలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. క్రమశిక్షణ చర్య కింద వేసిన శిక్ష కాకుండా, వేరే ఏ కారణం చేతనైనా యజమాని ఉద్యోగం ముగించడం అని. అంటే ఇది శిక్ష కాదని చట్టమే చెప్తోంది. "ఏం తప్పు చేశావురా?" అని అడిగే పెదనాన్నలకి ఈ ఒక్క వాక్యం ఫ్రేమ్ కట్టించి ఇవ్వాలి. ఏడాదికి తక్కువ కాకుండా సర్వీసున్న వర్కర్‌ని ఇలా తీసేస్తే నెల నోటీసు లేదా నెల జీతం ఇవ్వాలి. నిండిన ప్రతి ఏడాది సర్వీసుకి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. కొత్త కోడ్‌లో వీటికి తోడు, రీస్కిల్లింగ్ ఫండ్ కింద ఇంకో 15 రోజుల జీతం అదనం. ఇంకో తమాషా, ఒక కేటగిరీలో మామూలుగా ఆఖర్న చేరినవాణ్ణే ముందు తీసెయ్యాలి. అచ్చం స్టాక్ లాగా, లిఫో! సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఇందులో 'వర్కర్' కిందకి వస్తాడా అంటే, అది డిజిగ్నేషన్‌ని బట్టి కాక నిజంగా చేసే పనిని బట్టి తేలే విషయం. కార్డు మీద 'మేనేజర్' అని ఉన్నంత మాత్రాన మేనేజర్ కాదు, లేనంత మాత్రాన కాకుండా పోడు. మేనేజర్ పనీ, అడ్మినిస్ట్రేటివ్ పనీ చేసేవాళ్ళకి ఈ రక్షణ లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తున్నా. ఇవన్నీ వర్తించాలంటే ఒకే ఒక్క షరతు: ఉద్యోగం ముగించినవాడు యజమాని అయ్యుండాలి. వాక్యంలో కర్త కంపెనీ అయ్యుండాలి. మన కంపెనీల్లో చాలాచోట్ల ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. హెచ్చార్ పిలుస్తారు. చిన్న గది, గ్లాసుతో మంచినీళ్ళు, ఇద్దరు మనుషులు. "మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇబ్బంది రాదు" అంటారు. అరగంటలో సంతకం అయిపోతుంది. ఆ అరగంటలో జరిగింది చాలా పెద్ద వ్యాకరణ ప్రయోగం. "కంపెనీ నన్ను తీసేసింది" అన్న వాక్యం "నేను మానేశాను" అయిపోయింది. ఇప్పుడు కర్త, కర్మ, క్రియ అన్నీ నువ్వే! రాజీనామా చేసినవాడికి రిట్రెంచ్‌మెంట్ పరిహారం లేదు. కంపెనీ లెక్కల్లో లేఆఫ్ లేదు, అట్రిషన్ మాత్రం ఒకటి పెరిగింది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకీ ఈ కర్త సంగతి అవసరమే. హెచ్-1బీ మీద ఉన్నవాడి ఉద్యోగం ముగిశాక దేశంలో ఉండి వేరే దారి చూసుకోవడానికి 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం గరిష్ఠంగా 60 రోజులు ఉంటుంది, ఐ-94 గడువు ముందే ముగిస్తే అంతకన్నా తక్కువే. ఇది తీసేసినా, మానేసినా ఒకటే. కానీ గడువు ముగియకుండా కంపెనీ తీసేస్తే, తిరుగు ప్రయాణానికి తగిన ఖర్చు కంపెనీయే భరించాలి. తనంతట తాను మానేస్తే ఆ బాధ్యత లేదు. అక్కడి 1988 వార్న్ చట్టంలో ఇంకో 60 ఉంది: 100 మంది, ఆ పైన ఉద్యోగులున్న సంస్థలు పెద్దఎత్తున తొలగింపులు చేసేటప్పుడు 60 రోజుల ముందు నోటీసివ్వాలని. ఈ రెండు 60లూ వేరు వేరు, కలిపేసుకోకండి.

కర్తని దాచడంలో పెద్ద కంపెనీల ఇంగ్లీషు మన తెలుగుకేమీ తీసిపోదు. 2022 నవంబర్‌లో మెటా 11 వేల పైచిలుకు మందిని 'లెట్ గో' చేసింది. పోనిచ్చాం అని అర్థం. అక్కడికి వాళ్ళంతా పోతాం పోతాం అని పలుపుతాడు తెంచుకుంటుంటే, వీళ్ళు జాలిపడి వదిలినట్టు! 2023 జనవరిలో గూగుల్ తగ్గించుకున్నది 12 వేల 'రోల్స్'ని. మనుషుల్ని అనలేదు, రోల్స్‌ని. 2025 జులైలో టీసీఎస్ సుమారు 2 శాతం, అంటే 12 వేల మంది పైచిలుకు ఉద్యోగుల్ని తగ్గిస్తున్నట్టు ప్రకటించినప్పుడు వినిపించిన మాట 'రిలీజ్'. మనం రిలీజ్ అంటే పార్టీ చేసుకునేవాళ్ళం. ఇన్ని మాటల మధ్య 'లే ఆఫ్' ఒక్కటే కాస్త నిజాయితీ ఉన్న మాట. చేసినవాడెవడో చెప్తుంది, తప్పు ఉద్యోగిది కాదనీ చెప్తుంది. 'మళ్ళీ పిలుస్తాం' ఎలాగూ పోయింది. ఈ మిగిలినదాన్నైనా మనం కాపాడుకోవాలి.

అందుకే నా సలహాలు నాలుగు. ఒకటి, ఇంటర్వ్యూలో "వై డిడ్ యూ లీవ్?" అంటే తడబడకుండా "ఐ వాజ్ లెయిడ్ ఆఫ్, మా టీమ్ మొత్తాన్ని మూసేశారు" అని జరిగింది జరిగినట్టు చెప్పండి. 'వాజ్' మర్చిపోకండి. రెండు, ఆ చిన్న గదిలో సంతకం పెట్టే ముందు "కాగితం ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటాను, రేపు చెప్తాను" అనండి. ఆ వాక్యంలో కర్త ఎవరో చూడండి. అన్నీ తెలిసి, వచ్చే డబ్బులు లెక్కేసుకుని రాజీనామాయే మేలనుకుంటే మీ ఇష్టం. తెలియక మాత్రం పెట్టకండి. మొత్తం పెద్దదైతే ఒక లేబర్ లాయరుకి చూపించండి, నేను ఇంజినీర్ని, లాయర్ని కాదు. మూడు, స్నేహితుడి ఉద్యోగం పోయిందని తెలిస్తే "ఏమైందిరా, పెర్ఫార్మెన్సా?" అని అడక్కండి. "రెజ్యూమే పంపు" అనండి. నాలుగు, ఊళ్ళో ఎవరైనా "మీవాణ్ణి పీకేశారటగా?" అంటే, "లేదు బాబాయ్, కంపెనీ పని తగ్గించుకుంది, ఇంకోటి చూసుకుంటున్నాడు" అని సరిచెయ్యండి. ఒక్క వాక్యమే. కానీ అందులో కర్త వాడి చోట వాడున్నాడు.

ఇంత చెప్పినా ఎవరైనా ఆ కుర్రాడి ప్రాణం తీస్తూనే ఉన్నారనుకోండి, ఇందాకటి మూడో అర్థం ఉండనే ఉంది. లే ఆఫ్ హిమ్. మాటల వరస మాత్రం జాగ్రత్త :)